వెనకనుంచి చూసిన ఆట

కొండపల్లిలో బొమ్మలు చెక్కే వీధిలో తిరుపతిరావు గారి పనిశాలలో మనుషులు రెండు వరసలుగా కూర్చుంటారు. గుమ్మం దగ్గర, వెలుతురు పడే చోట చెక్కేవాళ్ళు. లోపలి గోడ వెంబడి, ట్యూబులైటు కింద రంగులు వేసే ఆడవాళ్ళు. ఎవరూ గీత గీసి చెప్పింది కాదు. ఆయన తాతల నాటి నుంచి మగవాళ్ళు చెక్కుతున్నారు, ఆడవాళ్ళు రంగులద్దుతున్నారు. జుబియా లోపలి గోడ దగ్గర కూర్చునేది. ఆమె చూపు మాత్రం ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఉండేది.

జుబియా తండ్రి లాల్ అహ్మద్ థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పనివాడు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి షాహీదాకు వెన్నుపూస జారింది. వంట, నీళ్ళు, బట్టలు అన్నీ పిల్ల మీద పడ్డాయి. రోజూ పొద్దున్నా సాయంత్రం తల్లిని బోర్లా పడుకోబెట్టి వీపుకు నూనె రాసేది. ఏ ఎముక పక్కన ఏ కండ బిగుసుకుంటుందో, ఎక్కడ నొక్కితే అమ్మ ఊపిరి తేలికపడుతుందో ఆమె వేళ్ళకు తెలిసిపోయింది. షాహీదా లేచి తిరిగేసరికి తోటి పిల్లలు ఇంటర్‌లో చేరిపోయారు. చిన్నవాళ్ళ పక్కన కూర్చోవడానికి జుబియాకు సిగ్గేసింది. అలా బడి ఆగిపోయింది.

పక్క వీధిలో ఉండే శివపార్వతి, అంటే తిరుపతిరావు గారి భార్య, ఒకరోజు వచ్చి "ఇంట్లో కూచుని గోడలు చూస్తావేంటే, వచ్చి కుంచె పట్టుకో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కుంచె ఆమె చేతికి బాగానే అలవాటయింది. ఏనుగు అంబారీకి అంచులు దిద్దడం, పల్లెపడుచు చీరకు చుక్కలు పెట్టడం, అన్నిటికంటే కష్టమైన కళ్ళు గీయడం త్వరగా నేర్చుకుంది. మాట మాత్రం తక్కువ. నలుగురు ఉన్న చోట నోరు విప్పాలంటే చెవులు ఎర్రబడేవి. మాట్లాడని మనిషికి చూడటానికి బోలెడు తీరిక. చెక్కేవాళ్ళు తెల్ల పొణికి చెక్కను ఎలా తిప్పుతారో, బాడిత ఎక్కడ ఆపి ఉలి ఎక్కడ అందుకుంటారో ఆమె రంగులు కలుపుతూనే చూసేది. భోజనాల వేళ అందరూ లేచాక కింద పడ్డ ముక్కలు ఏరుకుని పిచ్చుకను, మేకపిల్లను చెక్కేది.

చెక్కేవాళ్ళలో కిరీటి అని ముప్ఫై ఏళ్ళ వాడున్నాడు. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఆమె పిచ్చుకను అరచేతిలో పెట్టుకుని, "ముక్కు బ్రహ్మాండంగా కుదిరింది జుబియా. దీన్ని ఇలా వదిలేస్తే మన బియ్యం తినేస్తుందేమో" అనేవాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలిసేది కాదు.

ఒకసారి ధైర్యం చేసి అడిగింది. "బాబాయ్, నేను కూడా అక్కడ కూచుని చెక్కుతాను."

తిరుపతిరావు గారు కోప్పడలేదు. "నీ చేతిలో రంగు కుదిరిందమ్మా. కుదిరినదాన్ని కదపడం ఎందుకు?" అన్నాడు ప్రేమగా. కాదని అనలేదు కనక ఎదురు చెప్పడానికీ లేకపోయింది. అప్పటినుంచి మళ్ళీ అడగలేదు.

అలా ఉండగా విజయవాడ నుంచి ఎలిజబెత్ గారు వచ్చింది. మొగల్రాజపురంలో ఆమెకు చేతిపనుల దుకాణం ఉంది. విదేశాలకు బొమ్మలు పంపిస్తుంటుంది. వస్తూనే చెప్పులు విప్పి, ఫోన్ తీసి తిరుపతిరావు గారి పక్కన పీట మీద కూర్చుంది.

"ఈసారి ఏనుగులు కాదండీ, ఫుట్‌బాల్ ఆట కావాలి. కెనడాలో ఒక చిన్న ఊరి క్లబ్బువాళ్ళు అడిగారు."

"ఫుట్‌బాల్ అంటే కాళ్ళతో తన్నేదే కదండీ?"

"వాళ్ళ ఫుట్‌బాల్ వేరు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. తంతారు, చంకలో పెట్టుకుని పరిగెడతారు. అవతలివాళ్ళు మీదపడి ఆపుతారు."

"అయితే కబడ్డీ ఆడేవాళ్ళకి బంతి ఇచ్చినట్టన్నమాట" అన్నాడు కిరీటి బాడిత ఆపకుండా.

"దాదాపు అంతే" అని నవ్వింది ఎలిజబెత్ గారు. ఆమెకు ఆ క్లబ్బువాళ్ళు చాలా సంగతులు రాసి పంపారు. అవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఇది నూరేళ్ళకు పైమాట. అప్పటికి ఆ దేశంలో ఈ ఆట కొత్తగా కుదురుకుంటోంది. దేశమంతటికీ ఒక్క లీగ్ లేదు, ప్రాంతానికో లీగ్. ఒక ప్రాంతంలో జట్టుకు పన్నెండు మంది అంటే ఇంకో ప్రాంతంలో అంతకంటే ఎక్కువ. బంతిని ఎలా అందించాలో కూడా తలో పద్ధతి. సీజన్ చివర ప్రాంతాల విజేతలు ఎదురెదురు పడితే, ఎవరి రూల్స్ ప్రకారం ఆడాలా అని ముందు పెద్ద రగడ.

"మా గోళీలాటా అంతేనండీ" అన్నాడు తిరుపతిరావు గారు ఉత్సాహంగా. "కొండపల్లి రూలు వేరు, ఇబ్రహీంపట్నం రూలు వేరు. పక్క ఊరెళ్ళి ఆడితే ఆట తక్కువ, తగాదా ఎక్కువ."

"అలాంటి ఒక సీజన్లో ఈ ఊరి జట్టు తమ ప్రాంతంలో గెలిచి, పక్క ప్రాంతం విజేతల మీద ఆడిందట. వర్షంలో, బురదలో. ఆఖరి నిమిషాల్లో అందరూ ఒక్కసారిగా నెట్టి, బంతిని గీత దాటించి గెలిచారట. ఆ నెట్టే ఘట్టం బొమ్మల్లో కావాలి. ఇంకో మూడు నెలల్లో క్లబ్బు ఉత్సవం. హాల్లో మధ్యన బల్ల వేసి దానిమీద పెడతారు."

ఫోటోలు చూపించింది. పాత ఫోటోల్లో మీసాల మనుషులు చారల బనీన్లు వేసుకుని, చేతులు కట్టుకుని, వరసగా కూర్చుని ఉన్నారు. ఆట జరుగుతున్న ఫోటో ఒక్కటే ఉంది. అందులో మసకమసకగా బురద, ఒక గుంపు. ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు.

పని మొదలైంది. కిరీటీ మిగతావాళ్ళూ మొండేలు, కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కారు. చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు. ఆరాక సుద్ద పూత వేసి జుబియా ముందు పెట్టారు. ఆమె గెలిచిన జట్టుకు ఎరుపు నలుపు చారలు, ఓడిన జట్టుకు నీలం తెలుపు చారలు వేసింది. ఒక్కొక్కడికి ఒక్కో రకం మీసం దిద్దింది. కళ్ళు పెట్టింది. అన్నీ పూర్తయి రెండు జట్లనూ వరసగా నిలబెట్టాక, ఆమెకు ఏదో తేడాగా అనిపించింది.

"పిన్నీ, ఈ రెండు జట్లూ ఎవరితో ఆడుతున్నాయి?" అంది శివపార్వతి చెవిలో.

"నీతోనే. అందరూ నిన్నేగా గుడ్లప్పగించి చూస్తున్నారు" అంది శివపార్వతి.

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతకంటే పైకి అనలేదు.

ఎలిజబెత్ గారు పంపిన ఫోటోలు చూసి కెనడావాళ్ళు జవాబిచ్చారు. ఆమె ఈసారి ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"రంగులు అద్భుతం అన్నారండీ. మీసాలు చూసి మురిసిపోయారు. కానీ వీళ్ళంతా పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు ఇటే చూస్తున్నారేంటి అని అడిగారు. రెండు జట్లూ ఎదురెదురుగా ఉండాలి కదా?"

చెక్కేవాళ్ళంతా లేచొచ్చి బొమ్మలను చూశారు. వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. ఆ పనిశాలలో పుట్టే ప్రతి బొమ్మా దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువులో మెట్టెక్కేదే. వెనక గోడ, ఎదురుగా చూడవచ్చిన పేరంటాళ్ళు. బొమ్మ ముఖం చూపించాలి, అంతే. అందుకే వాళ్ళ బొమ్మకు అందమైన ముఖం, నగలు, చీర కుచ్చిళ్ళు అన్నీ ఉంటాయి. వెనకవైపు మాత్రం సాపుగా గీసిన పలక, దానిమీద ఒక పూత రంగు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళనూ వాళ్ళు అలవాటు కొద్దీ కొలువులో నిలబెట్టేశారు.

కిరీటి ఎర్రచారల జట్టును తీసి వెనక్కి తిప్పి పెట్టాడు. తలుపుచెక్కలకు కాళ్ళు మొలిచినట్టుంది. ఎలిజబెత్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బల్ల చుట్టూ జనం తిరుగుతారండీ. ఒక జట్టు వీపులు కనపడాల్సిందే."

"వీపు చూపించే బొమ్మ మా ఇంట్లో పుట్టలేదమ్మా" అన్నాడు తిరుపతిరావు గారు. "ఇంటికొచ్చిన మనిషికి వీపు తిప్పితే ఏం బాగుంటుంది? మా నాన్న చేయలేదు, నేను చేయను."

"మనం చేయకపోతే మెషీన్లో ప్లాస్టిక్ బొమ్మలు పోయించుకుంటారట."

ప్లాస్టిక్ మాట వినగానే ఆయన తల దించేశాడు. "కిరీటీ, ఒకటి ప్రయత్నించు" అన్నాడు. కిరీటి మర్నాటికల్లా ఒక వీపు చెక్కాడు. మధ్యలో నిలువునా ఒక గాడి, అటూ ఇటూ రెండు బుడిపెలు. రొట్టెకు గాటు పెట్టినట్టుంది. వాడికే నవ్వొచ్చింది. "బాబాయ్, పుట్టాక నా వీపు నేను చూసుకోలేదు. ఇంకోడి వీపు చూడాల్సిన పని పడలేదు" అన్నాడు.

ఎలిజబెత్ గారు గడియారం చూసుకుని లేచింది. "అయితే కాదని రాసేస్తానండీ."

"నేను చెక్కుతాను."

మాట లోపలి గోడ దగ్గర నుంచి వచ్చింది. అందరి తలలూ అటు తిరిగాయి. జుబియా చెవులు మండిపోతున్నాయి. చేతిలో కుంచె నుంచి నీలం రంగు ఒడిలో కారుతోంది, ఆమె చూసుకోలేదు.

"పిచ్చుకలు కాదు జుబియా, మగాళ్ళు" అన్నాడు కిరీటి.

"వీపులే కదా కావాల్సింది. నాకు వీపులు తెలుసు."

తిరుపతిరావు గారు కిరీటి చెక్కిన వీపును పక్కన పెట్టాడు. "ఒకటి చెక్కు. బాగుంటే జట్టు మొత్తం నీదే."

"జట్టొకటే కాదు బాబాయ్." ఆమె కుంచె పక్కన పెట్టింది. "బాగుంటే నాకు ఆ వరసలో చోటు కావాలి. ఇవాళ్టికి కాదు, ఎప్పటికీ."

"రంగులెవరు వేస్తారే?"

"రంగులూ నేనే వేస్తాను. కూచునేది మాత్రం అక్కడ."

"బాగోకపోతే?"

"మళ్ళీ ఈ మాట ఎత్తను."

శివపార్వతి కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వో దిగులో తెలియలేదు. ఎలిజబెత్ గారు మళ్ళీ పీట మీద కూర్చుంది.

జుబియా మొదటి వీపు చెక్కడానికి అమ్మను ఏమీ అడగక్కర్లేకపోయింది. వేళ్ళే దారి చూపించాయి. భుజాల రెక్కలు ఎక్కడ లేస్తాయో, నడుం దగ్గర వెన్ను ఎలా లోపలికి పోతుందో, పక్కటెముకల మీద కండ ఎలా పరుచుకుంటుందో చెక్కలోకి దిగింది. ఆకురాయితో నున్నగా రుద్ది తెచ్చి ఇచ్చింది. తిరుపతిరావు గారు బొటనవేలితో తడిమి చూశాడు. ఆయన ముఖం వికసించి, వెంటనే ముడుచుకుపోయింది.

"వీపు వీపులాగే ఉందమ్మాయ్. నా చెయ్యికి ప్రాణం తగిలినట్టయింది. కానీ వీడు నెట్టడం లేదే! స్నానాల గదిలో సబ్బు అందివ్వమని నిలబడ్డట్టున్నాడు."

అందరూ గొల్లున నవ్వారు. జుబియాకు నవ్వు రాలేదు. ఆయన అన్నది నిజమని ఆమెకు తెలుస్తోంది. అమ్మ ఎప్పుడూ పడుకునే ఉండేది. ఆమె చెక్కింది పడుకున్న వీపు.

"ఓడిపోయావని అననులే" అన్నాడాయన బొమ్మ తిరిగి ఇస్తూ. "ఇంకొక్కటి చెక్కు."

మర్నాడు రంగు డబ్బాలు కొనడానికి శివపార్వతి విజయవాడ వెళ్తూ ఆమెను తోడు తీసుకెళ్ళింది. వన్‌టౌన్‌లో పని చూసుకుని బస్టాండుకు వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఆడవాళ్ళకు టికెట్ లేని బస్సు వచ్చినప్పటినుంచి ఆ ప్లాట్‌ఫారం మీద ఎప్పుడూ జాతరే. కొండపల్లి మీదుగా పోయే మైలవరం బస్సు ప్లాట్‌ఫారం వైపు వస్తుండగానే జనం దానితోపాటు కదిలారు. తలుపు తెరుచుకుంది.

"ఏయ్, ఆ బుట్ట తియ్యవమ్మా, నా కంట్లో గుచ్చుతోంది!"

"నీ కన్ను నా బుట్టలో ఎందుకు పెట్టావు?"

"దిగేవాళ్ళని దిగనివ్వండమ్మా, మీకు దండం పెడతా" అని కండక్టరు లోపల్నుంచి అరుస్తున్నాడు. ఎవరూ వినడం లేదు.

శివపార్వతి సంచిని చంకలో బిగించింది. తల వంచింది. ఎడమ భుజం దించి, కుడి భుజం ఎత్తి, ముందున్న లావాటి ఆవిడ చేతికింద దూరింది. జుబియా ఆమె వెనకే నడవబోయి ఆగిపోయింది.

ఆమె కళ్ళ ముందు ఆ ఫోటోలోని గుంపు ఉంది. అక్కడ మసకగా ఉన్నదంతా ఇక్కడ ఎండలో స్పష్టంగా కనిపిస్తోంది. నెట్టుడు చేతుల్లోంచి రావడం లేదు. మడమ నేలను తొక్కుతోంది. అక్కడ పుట్టిన బలం పిక్క మీదుగా తొడకు, తొడలోంచి నడుముకు పాకుతోంది. నడుం దగ్గర ఒక్క క్షణం ముడిపడి, వీపంతా ఏటవాలుగా పైకెక్కి, ఒకే ఒక్క భుజంలోంచి బయటికి దూకుతోంది. రెండు భుజాల మధ్య జాకెట్టు గుడ్డ చిరిగేలా బిగుసుకుంది. తల అసలు కనపడటమే లేదు. మనిషంతా వీపే.

"ఎక్కవే! అక్కడ నిలబడి ఏం చూస్తున్నావు?" శివపార్వతి అప్పటికే కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. "నీకు సీటు ఆపానే పిల్లా!"

బస్సు వెళ్ళిపోయింది. జుబియా ఎక్కలేదు. తర్వాతి బస్సూ ఎక్కలేదు, దాన్ని ఎక్కుతున్న వీపులను చూసింది. మూడో బస్సుకు తనూ తల వంచి, భుజం దించి, మడమ నేలకు తన్ని చూసింది. ఆమె జీవితంలో మొదటిసారి కిటికీ పక్క సీటు దొరికింది.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా పనిశాలకు వచ్చి చెక్క వెతుక్కుంది. ఆ పనిశాల అలవాటు ప్రకారం మొండెం నిటారుగా చెక్కి, కాళ్ళు తర్వాత అతికించాలి. అలా చేస్తే మడమలో పుట్టిన బలం అతుకు దగ్గరే ఆగిపోతుందని ఆమెకు అనిపించింది. వెనక కాలు, నడుం, వీపు, ముందుకు తోసిన భుజం అన్నీ ఒకే ముక్కలో చెక్కింది. చేతులూ రెండో కాలూ మాత్రం మక్కుతో అతికించింది. రెండుసార్లు చెక్క చీలి మొదటికొచ్చింది. మూడో ముక్క నిలిచింది.

తిరుపతిరావు గారు ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పాడు. "ముఖం ఏదే?"

"అవతలివాడి చంక కింద ఉంది బాబాయ్."

ఆయన దాన్ని నేలమీద పెట్టి, వంగి చూశాడు. గొంతుక్కూర్చుని చూశాడు. చెక్కేవాళ్ళంతా చుట్టూ చేరారు. చిన్న బొమ్మ, నేలను తన్ని ముందుకు పోతోంది. కిరీటి అప్రయత్నంగా కాలు పక్కకు తీసుకున్నాడు, అడ్డం ఉన్నట్టు.

"ఈ వీపు నేనెక్కడో చూశానురా" అన్నాడు తిరుపతిరావు గారు గడ్డం గోక్కుంటూ.

అప్పుడే శివపార్వతి టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. అటు తిరిగి ఒక మూల వంగి గ్లాసులు సర్దుతోంది. కిరీటి బొమ్మను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. నవ్వుతో వాడి పొట్ట కదలడం మొదలైంది.

"పిన్నీ, అలాగే ఉండు. కదలకు!"

"ఏంట్రా?"

"కెనడా జట్టులో ఆడుతున్నావు నువ్వు!"

సంగతి అర్థమవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నడుం మీద చెయ్యి వేసుకుని, "మీసాల మగాడికి నా వీపు తగిలించావా దొంగపిల్లా!" అని జుబియాను వెంటాడింది. తిరుపతిరావు గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. పాతికేళ్ళుగా బస్సులెక్కుతున్న భార్యలో ఫుట్‌బాల్ ఆటగాడు ఉన్నాడని తనకు తెలియనే తెలియదన్నాడు.

నవ్వు తగ్గాక తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకుని, "నాకు నచ్చిందమ్మా. నూటికి నూరుపాళ్ళు నచ్చింది. కానీ నాకు నచ్చడం వేరు. వీపు కొనుక్కునేవాళ్ళు లోకంలో ఉన్నారో లేదో చూద్దాం. అక్కడ బాగుందంటేనే చోటు సంగతి" అన్నాడు.

జుబియా తలూపింది. ముందు అనుకున్న ఒప్పందంలో అది లేదని ఆమెకు తెలుసు. అయినా వాదించలేదు. వెళ్ళి లోపలి గోడ దగ్గరే కూర్చుని, ట్యూబులైటు వెలుగులో రెండో ఆటగాణ్ణి మొదలుపెట్టింది.

ఆ జట్టంతా ఆమె చేతిమీదుగానే తయారైంది. ఒకడి వీపు మీద ఇద్దరు వాలినట్టు, ఒకడి కాలు బురదలో జారినట్టు, ఒకడు వెనకపడి పరిగెత్తుకొస్తున్నట్టు, ఒక్కొక్కటి ఒక్కో మనిషి. కిరీటి చేతులు చెక్కి ఇచ్చాడు. "ఈ చెయ్యి ఎవరి నడుం పట్టుకోవాలో నువ్వే చెప్పు" అని వచ్చి అడిగేవాడు. నీలం చారల జట్టును కూడా ఎదురు తోపుకు వంగినట్టు మళ్ళీ చెక్కారు. ఎరుపు చారలు ఈసారి వీపుల మీద వంపు తిరిగి, ఒక చోట దగ్గరై ఒక చోట విడిపోయాయి. అలా పడితేనే గుడ్డ బిగుసుకున్నట్టు ఉంటుందని జుబియా ఒక్కో చారనూ మూడు నాలుగుసార్లు చెరిపి దిద్దింది. ఎలిజబెత్ గారు పెట్టెల్లో సర్దించి గన్నవరం విమానాశ్రయానికి పంపింది. బొమ్మలు వెళ్ళిపోయాక పనిశాల బోసిపోయింది.

ఉత్సవం రోజు సాయంత్రం అందరూ మొగల్రాజపురం దుకాణానికి వెళ్ళారు. అక్కడ అప్పుడే పొద్దున్న అయిందట. ఎలిజబెత్ గారు పెద్ద తెర పెట్టించి వీడియో కాల్ కలిపింది. జుబియా శివపార్వతి వెనక నిలబడింది.

తెరమీద హాలు కనపడింది. మధ్యన బల్ల, దానిమీద బొమ్మలు. కోట్లు తొడుక్కున్న ముసలివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు వస్తున్నారు. ముందు నీలం చారల వైపు నిలబడి, మీసాలు చూసి నవ్వి, ఫోటోలు తీసుకుని పక్కకు జరుగుతున్నారు. ఎర్రచారల వైపుకు వచ్చాక మాత్రం కదలడం లేదు. వెనకనుంచి వచ్చినవాళ్ళు ఆగిపోతున్నారు, వాళ్ళ వెనకవాళ్ళూ ఆగిపోతున్నారు. చూస్తుండగానే బల్లకు ఆ పక్క జనం కిక్కిరిసిపోయారు. ఒకతను తెలియకుండానే భుజం దించి, బొమ్మల్లాగే వంగాడు.

చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన కెమెరా దగ్గరికి వచ్చి ఏదో చెప్పాడు. ఎలిజబెత్ గారు తెలుగులో చెప్పింది.

"వాళ్ళ తాత ఆ జట్టులో ఆడాడట. ఈయన పుట్టేసరికి ఆయన లేడు. ఇంట్లో ఒకే ఫోటో ఉందట, చేతులు కట్టుకుని కూర్చున్నది. 'ఆయన ముఖం నాకు కంఠతా వచ్చు. ఆయన ఆడేటప్పుడు ఎలా ఉండేవాడో మాత్రం ఇవాళే చూశాను. ఇది ఎవరు చెక్కారు?' అంటున్నారు."

తిరుపతిరావు గారు లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు.

"మా చెక్కేవాళ్ళలో ఒకమ్మాయి చెక్కిందని చెప్పండి" అన్నాడు. తర్వాత ఇంకా గట్టిగా, "జుబియా అని పేరు కూడా చెప్పండి" అన్నాడు.

శివపార్వతి పక్కకు తప్పుకుంది. జుబియాకు దాక్కోవడానికి ఇక ఏమీ మిగల్లేదు. తెర ముందుకు వెళ్ళి చేయి నుదుటికి తాకించి సలాం చేసింది. అటువైపు హాలంతా చప్పట్లు కొట్టింది. పెద్దాయన మళ్ళీ ఏదో అడిగాడు.

"ముందు వరసలో మూడోవాణ్ణి ఏ ఆటగాణ్ణి చూసి చెక్కావు అని అడుగుతున్నారు. అంత తోపు ఎక్కడ చూశావట?"

జుబియా నోరు తెరిచేలోపే శివపార్వతి తెర ముందుకు దూసుకొచ్చింది. "నన్నే! నన్ను చూసే! మైలవరం బస్సు ఎక్కుతుంటే చూసిందని చెప్పండి మేడమ్ గారూ!"

ఎలిజబెత్ గారు నవ్వు ఆపుకుంటూ చెప్పింది. హాలంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. పెద్దాయన టోపీ తీసి, కర్ర మీద ఆనుకుని, శివపార్వతికి వంగి నమస్కారం చేశాడు. ఆమె కూడా వదలకుండా రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది.

కాల్ అయిపోయేలోపే కొత్త పని వచ్చింది. అదే సీజన్లో పడమటి ప్రాంతాల లీగుల్లో గెలిచిన జట్లు కూడా కావాలట, ఈసారి పరిగెడుతున్నట్టు.

మర్నాడు పొద్దున్న జుబియా రోజూ కంటే ముందు వచ్చింది. అయినా కిరీటి అప్పటికే వచ్చి, గుమ్మం దగ్గర కాళ్ళు చాపుకుని, సామానంతా పరుచుకుని ఉన్నాడు. తిరుపతిరావు గారు పొణికి చెక్కలు వంతులు వేస్తూ, చెక్కేవాళ్ళ ముందు ఒక్కొక్క కట్ట పెడుతున్నాడు. ఆఖరి కట్ట చేతిలో పట్టుకుని ఆమె వైపు చూశాడు. ఎక్కడ పెట్టాలో ఆమే చెప్పాలన్నట్టు ఆగాడు.

"కాస్త జరుగన్నా" అంది జుబియా.

"ఎటు? ఇటు గుమ్మం, అటు గోడ."

"గోడ వైపు జరుగు. నాకు వెలుతురు కావాలి."

కిరీటి ఆమె ముఖంలోకి చూసి, సణుక్కుంటూ, సామాను ఒడిలోకి లాక్కుని జరిగాడు. కట్ట ఆమె ముందుకు వచ్చింది. జుబియా మంచి ముక్క ఏరి, మోకాళ్ళ మధ్య నిలబెట్టి, బాడితతో మొదటి దెబ్బ వేసింది. పెచ్చు ఎగిరి కిరీటి టీ గ్లాసులో పడింది.

"చూసుకో తల్లీ!"

"నువ్వు చూసుకో. గ్లాసు అక్కడ ఎవరు పెట్టమన్నారు?" అంది తల ఎత్తకుండా, చెక్కను తిప్పుతూ.